ఫ్రిజ్‌లో కారు తాళాలు, బల్ల మీద రెండు కప్పులు

అందరికీ నమస్కారం. ఈ వారం వంట వీడియో పెడతానని మాట ఇచ్చాను కాని, ఆ మాట తప్పుతున్నాను. అందుకు కారణం తెనాలిలో ఉన్న మా అత్తయ్యగారు. మొన్న ఫోను చేసి, "ఏమ్మా, పిల్ల చదువు పక్కన పెట్టి సినిమాలు తీస్తోందట, అందులో నువ్వు కూడా వేషం వేశావట, నిజమేనా?" అని అడిగారు. ఆ కబురు ఎవరు చేరవేశారో నాకు తెలుసు. మా ఆడపడుచు ఈ వీడియో కూడా చూస్తుంది కనుక ఇంతకంటే చెప్పను. ఆవిడ విన్న రెండు సంగతులూ నిజమే. కాకపోతే పిల్ల చదువు పక్కన పెట్టలేదు, ఇక్కడ ఆ సినిమా తీయడమే చదువు. ఆ సంగతి ఫోనులో చెబితే ఆవిడకు నమ్మకం కుదరలేదు కనుక, ఇల్లంతా తిప్పి చూపిస్తూ చెబుతున్నాను.

మేము ఉండేది ఫ్లోరిడా రాష్ట్రంలో, టాంపాకు పక్కన. ఇక్కడి ప్రభుత్వ హైస్కూళ్లలో చాలా చోట్ల ఇంగ్లండులోని కేంబ్రిడ్జి వారి పాఠ్యప్రణాళిక కూడా ఉంటుంది. మా పాప పదకొండో తరగతి, అంటే మన లెక్కలో ఇంటర్ మొదటి సంవత్సరం. అందులో మీడియా స్టడీస్ అనే సబ్జెక్టు తీసుకుంది. దానికి సగం మార్కులు రాతపరీక్షకైతే, మిగతా సగం ప్రాజెక్టుకు. ఆ ప్రాజెక్టు ఏమిటంటే, ఎక్కడా లేని ఒక కొత్త కథాచిత్రానికి ప్రారంభం తీయాలి; టైటిళ్లతో కలిపి రెండు నిమిషాలు మించకూడదు. దృశ్యాలన్నీ పిల్లలే స్వయంగా తీయాలి. సంగీతం మాత్రం హక్కుల చిక్కు లేనిది దొరికితే వాడుకోవచ్చు. మార్కులు స్కూల్లోని టీచరే వేస్తారు, వాటిలో కొన్ని నమూనాలను కేంబ్రిడ్జి వారు తెప్పించుకుని మళ్లీ చూస్తారు.

రెండు నిమిషాలు అనగానే మా అత్తయ్యగారు నవ్వారు. "మన సినిమాల్లో పొగాకు హెచ్చరిక, కృతజ్ఞతల పేర్లు, బ్యానరు బొమ్మ, దేవుడి పటం అయ్యేసరికే రెండు నిమిషాలు దాటిపోతాయి కదమ్మా, ఇక కథ ఎక్కడ?" అన్నారు. ఆవిడ తమాషాకు అన్నా, పిల్లలకు ఎదురైన మొదటి కష్టం అదే. నలుగురు పిల్లల బృందం మొదట రాసుకున్న కథలో ఒక అమ్మాయి తప్పిపోతుంది, స్నేహితురాలు వెతుకుతుంది, దొరుకుతుంది. టీచరు చదివి, ఇది ప్రారంభం కాదు, చిన్న సినిమా, మీరే ముగించేశారు అని తిప్పి పంపారట. ప్రారంభం అన్నది ప్రేక్షకుడిలో ఒక ప్రశ్న పుట్టించి, జవాబు చెప్పకుండా వదిలిపెట్టాలి. తరవాతి గంటన్నర సినిమా ఉన్నట్టే తీయాలి, ఆ సినిమాను మాత్రం ఎవరూ ఎప్పటికీ తీయరు. సుమతీ శతకం మొత్తం అప్పజెప్పించిన తరానికి చెందిన నాకు, సగంలో ఆపినందుకు మార్కులు వేసే చదువు ఉందని ఇదే మొదటిసారి తెలిసింది.

రెండోసారి రాసిన కథ ఇది. సాయంత్రం చీకటిపడే వేళ ఒక అమ్మాయి స్కూలు నుంచి ఇంటికి వస్తుంది. వెనక తలుపు ఓరగా తీసి ఉంటుంది. వంటగది బల్ల మీద రెండు కాఫీ కప్పులు ఉంటాయి, రెండింటిలోంచీ ఆవిరి వస్తూ ఉంటుంది. ఎదురుగా ఖాళీ కుర్చీ. అమ్మ ఒక్కతే కిటికీ దగ్గర నిలబడి ఉంటుంది. ఆమె ఇటు తిరిగే లోపల సినిమా పేరు పడుతుంది. ఆ అమ్మ వేషానికి నలుగురి ఇళ్లలోనూ వెతికి, ఖాళీగా ఉన్నది నేనే అని తేల్చారు.

నాకు నచ్చిందో, చిరాకు తెప్పించిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్న విషయం ఒకటుంది. ఈ పిల్లలు సినిమాతో పాటు, సినిమా తయారైన తీరును కూడా ఆన్‌లైన్‌లో తేదీలవారీగా రికార్డు చేయాలి, దానికీ మార్కులున్నాయి. రికార్డు అనగానే నాకు విజయవాడలో చదివిన ఇంటర్ ఫిజిక్సు ల్యాబు గుర్తుకొచ్చింది. లోలకం ప్రయోగంలో జవాబు 980 రావాలని అందరికీ ముందే తెలుసు కనుక, మేము జవాబు నుంచి వెనక్కి లెక్క కట్టి రీడింగులు రాసుకునేవాళ్లం. తప్పు వచ్చిన కాగితాన్ని చించేసి, అట్ట వేసిన పుస్తకంలో కొట్టివేత లేకుండా దించి, సంతకం పెట్టించుకునేవాళ్లం. ఆ అలవాటుతోనే నేను పాప గదిలో చెల్లాచెదురుగా పడి ఉన్న స్టోరీబోర్డు కాగితాలను ఒక ఆదివారం సర్దిపెట్టి, కొట్టివేతలున్న పద్నాలుగు కాగితాలు చెత్తబుట్టలో వేశాను. స్టోరీబోర్డు అంటే ప్రతి షాటూ ఎలా ఉండాలో ముందుగా గళ్లలో గీసుకునే బొమ్మల వరస. పాప వచ్చి చూసి ఏడ్చినంత పని చేసింది. "అమ్మా, నువ్వు పారేసినవే నా మార్కులు" అంది.

ఇద్దరం కలిసి గరాజులోని పెద్ద చెత్తడబ్బాలోంచి ఆ కాగితాలు ఏరుకున్నాం. వాటిలో ఒకదాని మీద నేను పోసిన పోపు గింజల నూనె మరక కూడా ఉంది. ఏ షాటు ఎందుకు మార్చారు, మొదట పై నుంచి తీద్దామనుకున్నది తరవాత బల్ల ఎత్తులోనే ఎందుకు తీశారు, కథ ఎందుకు తిరిగి రాశారు అన్నవన్నీ ఆ కొట్టివేతల పక్కనే ఉన్నాయి. పాప ఆ మరకతోనే కాగితాన్ని ఫోటో తీసి రికార్డులో పెట్టింది. మా రోజుల్లోనూ ఇలా ఉండి ఉంటే, నా లోలకం నిజంగా చూపించిన సంఖ్య ఎంతో ఇవాళ నాకు గుర్తుండేది.

ఖర్చు సంగతి అడిగేవాళ్లు ఎలాగూ అడుగుతారు కనుక చెప్పేస్తాను. కెమెరా కొనలేదు, ఫోనుతోనే తీశారు. ట్రైపాడుకు 28 డాలర్లు, చొక్కాకు తగిలించే మైకుకు 20, నలుగురు పిల్లలకు పిజ్జాలకు 46 అయ్యాయి. డాలరుకు 85 రూపాయల చొప్పున మొత్తం 7,990 రూపాయలు. అందులో సగం పిజ్జాలే. ఎడిటింగు చేసే డావిన్చీ రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరికేది వాడుకున్నారు. ఈ ఛానెల్ మీద నాకు ఇంతవరకు వచ్చిన డబ్బుతో కుక్కరు గాస్కెట్టు ఒకటి కొన్నానని కూడా ఇదే సందర్భంలో తెలియజేస్తున్నాను.

అసలు షూటింగుకు ముందు టీచరు ఒక అభ్యాసం ఇచ్చారు. ఒక మనిషి తలుపు తీసి, గది దాటి, కుర్చీలో కూర్చుని, ఎదుటి మనిషితో రెండు మాటలు మాట్లాడాలి. అంతే. అయితే చెయ్యి తలుపు పిడి మీద పడడం బయటి నుంచి ఒక షాటు, తలుపు తెరుచుకోవడం లోపలి నుంచి ఇంకో షాటు తీసి, రెండూ ఒకే కదలికలా అతికించాలి. మాట్లాడుకునే ఇద్దరి మధ్య ఒక గీత ఉందనుకుని, కెమెరా ఆ గీతకు ఒకే పక్కన ఉండాలి. అటు దాటితే ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నట్టు కనిపిస్తారు. మా వంటింటి తలుపు ఆ రోజు ముప్పైసార్లకు పైగా తెరిచి మూశారు. మొదటి షాటులో కుడిచేత్తో, రెండోదాంట్లో ఎడమచేత్తో తీసినట్టు సాయంత్రానికి గానీ ఎవరూ కనిపెట్టలేదు.

అసలు షూటింగు మార్చి 8వ తేదీ శనివారం పెట్టుకున్నారు. ఇక్కడి ఇళ్లలో ఏసీ మొత్తం ఇంటికి ఒకటే ఉంటుంది, అది తనంతట తాను ఆగుతూ మొదలవుతూ ఉంటుంది. మాట సగంలో ఉండగా అది మొదలైతే, ఎడిటింగులో రెండు టేకులు అతకవు. ఒకదాని వెనక హోరు ఉంటుంది, ఇంకోదాని వెనక ఉండదు. అందుకని దాన్ని ఆపేశారు. తలుపులన్నీ మూసి, దీపాలు పెట్టి, ఆరుగురం వంటింట్లో ఉక్కపోతకు తడిసి ముద్దయ్యాం. తరవాత ఫ్రిజ్ కూడా గుర్రుమంటోందని దాన్నీ ఆపారు. అందులో మర్నాటికని రుబ్బిన ఇడ్లీ పిండి ఉందని నేను అంటూనే ఉన్నాను. "ఆంటీ, మీకు బెంగ వద్దు" అంటూ ప్యూర్టోరికో కుటుంబానికి చెందిన అబ్బాయి ఒకడు తన కారు తాళాలు తీసి ఫ్రిజ్‌లో పెట్టాడు. నాకు అర్థం కాలేదు. ఫ్రిజ్ తిరిగి వేయడం మరిచిపోయినా, ఇంటికి వెళ్లడానికి తాళాల కోసం దాన్ని తెరవక తప్పదు, అప్పుడు గుర్తొస్తుంది. సినిమాల్లో శబ్దం పట్టేవాళ్లు చేసే పనేనట. ఆవకాయ జాడీకి ఆనుకుని ఉన్న ఆ తాళాలను నేను నా ఫోనులో ఫోటో తీసుకున్నాను. పిండి కూడా పాడుకాలేదు.

ఆవిరి మాత్రం అందరినీ ఏడిపించింది. కప్పులోంచి పొగలు కక్కుతున్న కాఫీ కంటికి కనిపిస్తుంది, ఫోనుకు కనిపించదు. కప్పు వెనక నుంచి దీపం పడి, దాని వెనక చీకటి ఉంటేనే ఆవిరి దారంలా తేలుతుంది. దీపం చోటు కుదిరేసరికి కాఫీ చల్లారింది. తొమ్మిదిసార్లు వేడి చేశాను. ఊరి నుంచి తెచ్చుకున్న కాఫీ పొడి అది. చివరి మూడుసార్లు ఉత్త వేడినీళ్లలో కాస్త సోయా సాసు కలిపి పెట్టాను, కెమెరాకు తేడా తెలియలేదు.

నా షాటు ఆ రోజు సరిగా కుదరలేదు, మరుసటి శనివారం తిరిగి తీద్దామన్నారు. ఇక్కడే ఎవరూ ఊహించని అడ్డు వచ్చింది. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతారు. ముందటి శనివారం 6.15కు మసక వెలుతురు ఉన్న కిటికీలో, ఈ శనివారం 6.15కు పెళపెళలాడే ఎండ ఉంది. రెండు షాట్లూ పక్కపక్కన పెడితే పాప తలుపు తీసేటప్పుడు సాయంత్రం, గదిలోకి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం అయినట్టు ఉంటుంది. కాబట్టి గంటసేపు కూర్చుని, 7.15కు తీశారు. తన రికార్డులో పాప ఈ సంగతికి ఒక పేజీ కేటాయించింది.

ఇక ఎడిటింగు. గంటా నలభై నిమిషాల దృశ్యాలు తీసుకుని, అందులోంచి రెండు నిమిషాలు ఏరడానికి మూడు వారాలు పట్టింది. నేనైతే మీకు పద్దెనిమిది నిమిషాల వీడియోను గంటలో తయారుచేసి పెడతాను, ఆ తేడా మీకు కనిపిస్తూనే ఉంటుంది. సెకనుకు 24 ఫ్రేములు. నలుగురూ పన్నెండు ఫ్రేముల కోసం, అంటే అర సెకను కోసం, అరగంట వాదించుకున్నారు. తలుపు కిర్రుమన్న శబ్దాన్ని తలుపు కనిపించడానికి ముందే, అమ్మాయి ఇంకా వీధిలో ఉండగానే వినిపించారు. అంత చిన్న మార్పుకు నా వీపు మీద చలి పుట్టింది, అది మా వంటింటి తలుపే అని తెలిసి కూడా.

నా నటన సంగతి చెప్పాలి. కిటికీ దగ్గర నేను భయం నటిస్తూ కళ్లు పెద్దవి చేసిన షాట్లు ఏడు ఉన్నాయి. "అమ్మా, సీరియల్లో అత్తగారిలా ఉన్నావు" అని పాప ఏడూ తీసేసింది. దానికి బదులు టేకుల మధ్య కెమెరా ఆపడం మరిచిపోయినప్పుడు పడిన నాలుగు సెకన్లు వాడింది. రష్యా దర్శకుడు లెవ్ కులెషోవ్ ఇంచుమించు నూరేళ్ల క్రితం ఒకే నటుడి ముఖం పక్కన ఒకసారి సూపు గిన్నె, ఒకసారి శవపేటిక పెట్టి చూపిస్తే, జనం ఆ ముఖంలో ఒకసారి ఆకలి, ఒకసారి దుఃఖం చూశారని క్లాసులో చెప్పారట. పాప నా ముఖాన్ని ముందు కాఫీ కప్పుల పక్కన పెట్టి చూపించింది. అలసిపోయిన ఇల్లాలిలా ఉన్నాను. తరవాత ఖాళీ కుర్చీ పక్కన పెట్టింది. ఎవరో రావలసినవాళ్లు రాలేదన్నట్టు ఉన్నాను. "అప్పుడు ఏమి ఆలోచిస్తున్నావమ్మా?" అని అడిగింది. గోడ గడియారం చూస్తూ, ఈ గంట జరిపిన తరవాత గుడివాడలో ఇప్పుడు నాలుగున్నర దాటిందా, అయిదున్నర దాటిందా, మా అమ్మ లేచి ఉంటుందా, ఫోను చేయవచ్చా అని లెక్క వేసుకుంటున్నాను. ఏమీ లేదులే అన్నాను.

చివరికి టైటిళ్లు. ఎవరి పేరు ఎక్కడ పడాలో తెలుసుకోవడానికి పిల్లలు బోలెడు సినిమాల ప్రారంభాలు సెకన్లతో సహా రాసుకుని పట్టిక వేశారు. దర్శకుడి పేరు అందరికంటే చివర పడుతుందని కనిపెట్టామని చెప్పారు. అది మన దగ్గర పాన్ షాపు దగ్గర నిలబడే కుర్రాడికి కూడా తెలుసు అన్నాను. మొత్తం నిడివి ఒక నిమిషం 58 సెకన్లకు వచ్చింది. దేవుడి పటానికి చోటు మిగల్లేదని అత్తయ్యగారికి ముందే చెప్పాను.

నిన్న రాత్రి వాట్సాప్‌లో ఆవిడకు పంపించాం. మాకు రాత్రి 9.30, తెనాలిలో ఉదయం ఏడు. రెండు నిమిషాలు కాగానే ఫోను మోగింది. పిల్ల బాగా తీసిందనో, నేను బాగా చేశాననో అంటారని స్పీకరులో పెట్టాను. ఆవిడ ఆ ఊసే ఎత్తకుండా, "మిగతాది పంపలేదేమమ్మా? ఆ రెండో కప్పు ఎవరిది?" అని అడిగారు. మిగతాది లేదన్నాను. లేకపోవడమేమిటి, ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు ఎవరో నీకైనా తెలియాలి కదా అని గదిమారు. పక్కనే ఉన్న పాప లాప్‌టాప్ తెరిచి, తేదీ, సమయం వేసి, నాయనమ్మ అడిగిన మాటలను యథాతథంగా రికార్డులోకి ఎక్కించుకుంది.