రాయని షరతులు మనమే కలుపుకోవద్దు
(నెల్లూరులో గ్రంథాలయ వారోత్సవాల్లో కళాశాల లైబ్రేరియన్లతో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. గ్రంథాలయోద్యమ పితామహుడు అయ్యంకి వారికి దండ వేశాం. ఇక ఎవరూ చదవని సాహిత్యం గురించి, అంటే ఆన్‌లైన్ జర్నళ్ల లైసెన్సు ఒప్పందాల గురించి మాట్లాడుకుందాం.

2022 దాకా ప్రకాశం జిల్లాలో ఉన్న వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. పత్రిక మూతపడ్డా దాని బైండు అక్కడి బీరువాలో దొరుకుతుంది. ఆన్‌లైన్లో మనకు వచ్చేది చూసుకునే అనుమతి మాత్రమే. చందా ఆగాక, డబ్బు కట్టిన ఏళ్ల సంచికలైనా చూడనిస్తారా అన్నది ఒప్పందంలో రాసి ఉండాలి.

అసలు పేచీ ఎవరెవరు చూడొచ్చు అన్న దగ్గరే. అల్లూరు నుంచి ఒక రొయ్యల రైతు వచ్చాడనుకోండి. చెరువుకు వైట్‌స్పాట్ వైరస్ తగిలింది, దాని మీద వచ్చిన పరిశోధన పేపరు కావాలి. "మీరు మా స్టూడెంట్ కాదు కదండీ" అని పంపేస్తాం. కానీ చాలా ఒప్పందాల్లో లైబ్రరీకి వచ్చి అక్కడి కంప్యూటర్లో చూసుకునే వాక్-ఇన్ యూజర్లకు అనుమతి ఉంటుంది. ఆయన్ని కూర్చోబెట్టి చూపించవచ్చు, పాస్‌వర్డ్ మాత్రం చేతికివ్వకూడదు. కళాశాలలకు ఈ-జర్నళ్లు, ఈ-పుస్తకాలు అందించే ఎన్-లిస్ట్ పథకం సంగతి వేరు, అక్కడ ఎవరి ఐడీ వాళ్లదే.

ఒప్పందంలో వాక్-ఇన్ యూజర్ల ఊసే లేకపోతే? మెయిల్‌లో అడిగి, జవాబు ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి. సేల్స్ మనిషి ఫోన్లో "పర్లేదు సార్" అన్నదాన్ని నమ్ముకోవద్దు. ఈ కాగితంలో ఉన్నదే ఒప్పందమని సాధారణంగా చివర్లో ఒక క్లాజు ఉంటుంది.

డౌన్‌లోడ్ల గురించి. మూకుమ్మడిగా లాగకూడదంటారు గానీ, ఎన్నయితే మూకుమ్మడో చాలా చోట్ల చెప్పరు. ప్రాజెక్టు టెన్షన్లో ఒక కుర్రాడు సాఫ్ట్‌వేర్ పెట్టి సంచికలకు సంచికలు దించేస్తే, అవతలి సర్వరు మన ఐపీ అడ్రస్‌నే, అంటే ఇంటర్నెట్లో మన క్యాంపస్ చిరునామానే, ఆపేస్తుంది. ఆ కుర్రాడితో పాటు క్యాంపస్ అంతా బంద్. అయినా ఆ భయంతో "రోజుకు ఐదు పేపర్లే" అని నోటీసు అంటించడం నాకు నచ్చదు. ఆ ఐదన్న లెక్క ఒప్పందంలో ఎవరు రాశారు?

2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చింది, అంటే ప్రభుత్వ విద్యాసంస్థలన్నిటి తరఫున కేంద్రమే జర్నళ్లకు చందా కట్టే పథకం. మూడేళ్లకు 6,000 కోట్లు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు. బేరం ఢిల్లీలో అయిపోయింది. కౌంటరు దగ్గర అడిగేవాడికి జవాబు చెప్పాల్సింది మాత్రం మనమే.

పాత ఒప్పందాలు తెచ్చినవాళ్లు టీ అయ్యాక బయటికి తీయండి. చందా ఆగిన తర్వాతి సంగతి ఏ క్లాజులో ఉందో వెతుకుదాం.