నాయనకు మతిమరుపా, వినికిడి లోపమా?

(అనంతపురంలో ప్రసారమైన ఆరోగ్య ఫోన్-ఇన్ కార్యక్రమంలో కొంత భాగం)

యాంకర్: హలో, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?

శ్రోత: తాడిపత్రి దగ్గర పల్లె మేడమ్. డాక్టర్ గారూ, మా నాయనకు 72 ఏళ్లు. ఏడాదిగా మతిమరుపు ఎక్కువైంది. మొన్న నా కూతురు సంచి తెమ్మంటే మంచినీళ్ల చెంబు తెచ్చి ఇచ్చినాడు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది సార్.

డాక్టర్: టీవీ సౌండు ఎంత పెట్టుకుంటాడు?

శ్రోత: వీధి చివరి దాకా వినపడుతుంది సార్.

డాక్టర్: పాత లెక్కలు చెప్తాడా?

శ్రోత: బాగా చెప్తాడు. ఏ ఏడు చెనక్కాయలు ఎన్ని మూటలు అయినాయో, ఎంతకు అమ్మినామో అన్నీ. మనుషుల పేర్లే కాసేపు ఆలోచించి చెప్తాడు.

డాక్టర్: అయితే బాబూ, ముందు చెవులు చూపించండి. వయసుతో మొదట పోయేది సన్నని శబ్దాలు. స, శ, చ లాంటివి సరిగ్గా అందవు, అచ్చులు మాత్రం వినపడతాయి. అందుకే పెద్దవాళ్లు 'వినపడుతుంది కానీ అర్థం కాలేదు' అంటారు. సంచిలో 'స' పోతే ఆయన చెవికి మంచి అని తగిలి ఉంటుంది. సరిగ్గా విననిది గుర్తెలా ఉంటుంది? పేరు ఆలస్యంగా తట్టడం ఆ వయసులో మామూలే. మెదడు వేగం తగ్గుతుంది, ఏళ్లుగా నేర్చిన మాటలు, అనుభవం చాలావరకు నిలుస్తాయి.

శ్రోత: లెక్కల పుస్తకం పోయిన నెల నేనే తీసేసుకున్నాను సార్, తప్పు చేస్తాడేమోనని. రెండు మూడు సార్లు అరిచినాను కూడా.

డాక్టర్: పుస్తకం తిరిగి ఇచ్చేయండి. ఈ రోజే ఇవ్వండి. చేసే పని లాగేసుకుంటే మనిషి మూలన కూర్చుంటాడు, అది ఇంకా చెరుపు. అరిస్తే అచ్చులే పెద్దవవుతాయి, 'స' మాత్రం తేలదు. మన కోపం మాత్రం అందుతుంది. టీవీ ఆపి, ఎదురుగా కూర్చొని, నిదానంగా మాట్లాడండి.

శ్రోత: అలాగే సార్. టెస్టులు ఏమైనా?

డాక్టర్: చెవిలో గుమిలి ఉందేమో చూసి, వినికిడి పరీక్ష చేస్తారు. దాంతో పాటు విటమిన్ బి12, థైరాయిడ్ రక్త పరీక్షలు. ఈ రెండింటిలో ఏది తక్కువైనా మతిమరుపు రావచ్చు, మందులతో చాలామందికి మెరుగవుతుంది. వేసుకునే మాత్రలన్నీ తీసుకెళ్లండి. నిద్ర మాత్రలు, కొన్ని అలర్జీ మాత్రలు ఈ వయసులో మనిషిని మబ్బుగా చేస్తాయి. వినికిడి లోపాన్ని వదిలేస్తే డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, ముప్పు పెరుగుతుందని లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024 నివేదికలో కూడా ఉంది. మన ఎండలకు నీళ్ల సంగతి కూడా చూసుకోండి, పెద్దవాళ్లకు దాహం అంతగా తెలియదు.

యాంకర్: ఎప్పుడు భయపడాలి డాక్టర్ గారూ?

డాక్టర్: తాళం ఎక్కడ పెట్టాడో మరిచిపోతే పరవాలేదు. తాళం ఎందుకో తెలియకపోయినా, రోజూ నడిచే దారిలో తప్పిపోయినా వెంటనే చూపించాలి. ఒకటి రెండు రోజుల్లోనే తికమక మొదలైతే ఆసుపత్రికే తీసుకెళ్లండి, ఇన్ఫెక్షన్ కావచ్చు.

శ్రోత: నాయన పక్కనే ఉన్నాడు సార్. మీరే చెప్తారా, చెవి మిషన్ అంటే ఒప్పుకోడు.

డాక్టర్: ఫోన్‌లో పెదాలు కనపడవు బాబూ, ఆయనకు ఇబ్బంది. కళ్లద్దాల్లాంటిదే అని మీరే చెప్పండి. మిషన్ అవసరమని తేలితే, అలవాటు పడడానికి కొన్ని వారాలు పడుతుంది. రెండో రోజే తీసి పెట్టేస్తాడు, ఓపికగా మళ్లీ పెట్టించండి.