వెడల్పు కావాలి, నాయిజ్ వద్దు: 48 నుంచి 75 మెగాహెర్ట్జ్ దాకా ఒక చిన్న ఆసిలేటర్

[స్క్రీన్ మీద: వెనక అట్ట తీసేసిన పాత రేడియో. గ్యాంగ్ కండెన్సర్ మీద క్లోజప్.]

నమస్తే అండి, పర్లాకిమిడి నుంచి. ఇలాంటి రేడియోలో రాత్రిపూట 927 కిలోహెర్ట్జ్ మీద విశాఖపట్నం, ముల్లు కాస్త జరిపితే 972 మీద కటక్, తెలుగూ ఒడియా రెండూ ఒకే నాబ్ మీద వచ్చేవి. గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లో పెద్దవాళ్ళని అడగండి, చెప్తారు. ఆ నాబ్ తిప్పినప్పుడు లోపల ఆసిలేటర్ ఫ్రీక్వెన్సీ కూడా మారుతుంది, ఆసిలేటర్ అంటే రేడియో లోపలే సిగ్నల్ పుట్టించే సర్క్యూట్. స్టేషన్లు 531 నుంచి 1602 దాకా ఉంటే, స్టేషన్‌కీ ఆసిలేటర్‌కీ మధ్య ఎప్పుడూ ఉండే 455 తేడా (దీన్నే ఐఎఫ్ అంటారు) కలుపుకుని ఆసిలేటర్ 986 నుంచి 2057 దాకా పోవాలి, అంటే రెట్టింపు కన్నా కొంచెం ఎక్కువ. ఫ్రీక్వెన్సీ రెట్టింపు కావాలంటే కెపాసిటెన్స్ నాలుగో వంతుకి పడిపోవాలి, ఫార్ములాలో అది వర్గమూలం కింద ఉంటుంది కదా.

ఈ గ్యాంగ్ కండెన్సర్, అంటే రేకులు తిరిగే కెపాసిటర్, ఆ పనిని హాయిగా చేసేస్తుంది. రేకుల మధ్య గాలే కాబట్టి నష్టం తక్కువ, నాయిజ్ దాదాపు కలపదు. కానీ సైజు చూడండి, పిడికిలంత ఉంది, పైగా మైక్రోకంట్రోలర్ చెప్తే తిరగదు.

[స్క్రీన్ మీద: గోరు మీద పెట్టిన వ్యారాక్టర్ డయోడ్.]

అందుకే వ్యారాక్టర్. రివర్స్‌లో వోల్టేజ్ ఇస్తే కెపాసిటెన్స్ మారే డయోడ్. మా ఊరి షాపుల్లో ఈ పేరు చెప్తే తెల్లమొహం వేస్తారు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. అది వచ్చేదాకా 1ఎన్4007ని రివర్స్‌లో పెట్టి ఆడుకోవచ్చు, హ్యామ్‌లు, అంటే సరదాకి రేడియో నడిపే వాళ్ళు, చాలామంది చేసేదే.

చిక్కంతా ఇక్కడే. వోల్టేజ్‌తో ఫ్రీక్వెన్సీ మారుతుందంటే, ఆ వోల్టేజ్ మీద ఉన్న ప్రతి చిన్న గుసగుసకీ మారుతుంది. గాలి కోసం కిటికీ తీస్తే దోమలు కూడా వస్తాయి, ఎంత పెద్ద కిటికీ తీస్తే అన్ని దోమలు. ఒక్క వోల్టుకి ఎన్ని మెగాహెర్ట్జ్ కదులుతుందో దాన్ని కేవీసీవో అంటారు. వీడియో మొత్తం దీని చుట్టూనే.

అసలు నాయిజ్ ఉంటే ఏమవుతుంది? 7 మెగాహెర్ట్జ్ దగ్గర చూడండి, మన హ్యామ్ బ్యాండ్ 7.2 దగ్గర అయిపోతుంది, ఆ పైన షార్ట్‌వేవ్ బ్రాడ్‌కాస్ట్ స్టేషన్లు. అవి గట్టిగా వస్తుంటే మన ఆసిలేటర్ నాయిజ్ వాటితో కలిసి, వినాలనుకున్న చిన్న సిగ్నల్ మీద బురదలా పరుచుకుంటుంది. ఫిల్టర్ ఎంత మంచిది పెట్టినా ఏం లాభం లేదు.

[స్క్రీన్ మీద: కాగితం మీద లెక్క, పెన్నుతో.]

ఉదాహరణకి ఒక నిజమైన అవసరం తీసుకుందాం. హైదరాబాద్ హ్యామ్ అష్హర్ ఫర్హాన్ డిజైన్ చేసిన యూబిటెక్స్ అనే హ్యామ్ రేడియో సెట్‌లో మొదటి ఐఎఫ్ 45 మెగాహెర్ట్జ్. అంటే 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ వినాలంటే ఆసిలేటర్ 48 నుంచి 75 దాకా పోవాలి. ఆయన ఎస్ఐ5351 అనే చిప్ వాడారు, మనం ట్రాన్సిస్టర్‌తో కడదాం. కాయిల్ 100 నానోహెన్రీ అనుకుంటే 48 దగ్గర 110 పికోఫారడ్ కావాలి, 75 దగ్గర 45. తేడా 65.

ఆ 65నీ ఒక్క వ్యారాక్టర్ నెత్తిన పెట్టి, 1 నుంచి 10 వోల్టుల మధ్య తిప్పితే సగటున వోల్టుకి 3 మెగాహెర్ట్జ్. ఇప్పుడు చాలామంది చేసే పని ఏంటంటే, డయోడ్ కరెంటు తీసుకోదు కదా అని ట్యూనింగ్ లైన్‌లో 100 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టేస్తారు. దాని వేడికే, ఏ సిగ్నలూ లేకుండానే, రూట్ హెర్ట్జ్‌కి (అంటే 1 హెర్ట్జ్ వెడల్పులో) 40 నానోవోల్టుల నాయిజ్ పుడుతుంది. 3 మెగాహెర్ట్జ్‌తో గుణించి లెక్క కడితే 10 కిలోహెర్ట్జ్ దూరంలో హెర్ట్జ్‌కి మైనస్ 101 డీబీసీ (అంటే అసలు సిగ్నల్ కన్నా 101 డీబీ కింద), అదీ ఆ ఒక్క రెసిస్టర్ వల్లే. దాని బదులు 1 కిలో ఓమ్ పెడితే 4 నానోవోల్టులు, మైనస్ 121. ఇరవై డీబీ, రూపాయి పార్టుతో! కాకపోతే 1 కిలో నేరుగా తగిలిస్తే ట్యాంక్‌ని (కాయిల్, కెపాసిటర్ల జంటని) గుంజేస్తుంది, వరసలో ఆర్ఎఫ్ చోక్ (రేడియో ఫ్రీక్వెన్సీని ఆపే కాయిల్) వేయండి.

ఇక కిటికీని చిన్నది చేద్దాం. 65 పికోఫారడ్‌లో వ్యారాక్టర్‌కి 12 మాత్రమే ఇవ్వండి. మిగతాది 8.2, 15, 33 పికోఫారడ్ కెపాసిటర్లు మూడు, ఒక్కోదానికి బ్యాండ్ స్విచింగ్ డయోడ్. ఆన్ ఆఫ్ కలిపి ఎనిమిది బ్యాండ్లు. ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర పోలిస్తే కేవీసీవో ఐదో వంతు కన్నా తక్కువకి పడిపోతుంది, అంటే ఇంకో 15 డీబీ దాకా లాభం. కెపాసిటర్లు సీ0జీ రకమే (విలువ దాదాపు మారని సిరామిక్), ఎక్స్7ఆర్ వేస్తే వేడికి, వోల్టేజ్‌కి విలువ మారిపోతుంది. ఒకటి గుర్తుంచుకోండి, 75 దగ్గర ఒక్క పికోఫారడ్‌కి 0.8 మెగాహెర్ట్జ్ కదిలితే 48 దగ్గర 0.2 మాత్రమే, కాబట్టి నాయిజ్ పై కొసలోనే ఎక్కువగా ఏడిపిస్తుంది. కొలిచేది అక్కడే కొలవండి.

[క్లోజప్: 6 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ మీద తీగ చుట్టడం.]

కాయిల్. 21 గేజ్ ఎనామిల్ తీగ, 6 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ మీద ఐదు చుట్లు, 8 మిల్లీమీటర్ల పొడవుకి సాగదీయండి, దాదాపు 100 నానోహెన్రీ. చిన్నగా ఉండాలని చిప్ కాయిల్ వేయాలనిపిస్తుంది, నేనైతే వేయను. 1966లో లీసన్ రాసిన సమీకరణం ప్రకారం ట్యాంక్ క్యూ (నష్టం ఎంత తక్కువో చెప్పే కొలత) రెట్టింపైతే నాయిజ్ 6 డీబీ తగ్గుతుంది, పవర్ రెట్టింపు చేస్తే 3 డీబీయే. కాబట్టి చోటు మిగుల్చుకోవాలంటే ఇంకెక్కడైనా మిగుల్చుకోండి, కాయిల్ దగ్గర పిసినారితనం వద్దు. రేకు డబ్బాకీ కాయిల్‌కీ మధ్య కనీసం దాని వ్యాసమంత ఎడం ఉంచండి. తర్వాత చుట్ల మీద కాస్త మైనం కరిగించి పోయండి, లేకపోతే బల్ల మీద గ్లాసు పెట్టినా స్వరం ఊగుతుంది.

ట్రాన్సిస్టర్ జే310, దొరక్కపోతే బీఎఫ్‌డబ్ల్యూ10. ఇవి జేఫెట్ రకం, వీటిలో ఫ్లికర్ నాయిజ్ (తక్కువ ఫ్రీక్వెన్సీల్లో పెరిగే నాయిజ్) తక్కువ. వ్యారాక్టర్లు రెండు వీపు వీపు కలిపి పెట్టండి, ఒకటి సగం సైకిల్‌లో కెపాసిటెన్స్ పెంచితే రెండోది తగ్గిస్తుంది. 1 వోల్ట్ దగ్గర ఆర్ఎఫ్ ఊపు ఎక్కువైతే డయోడ్ ఫార్వర్డ్‌లోకి పోయి క్యూ చచ్చిపోతుంది, అప్పుడు ఆసిలేషన్ కాస్త తగ్గించాల్సిందే.

కరెంటు ఎక్కణ్ణుంచి ఇస్తున్నారన్నది ఇంకో తలనొప్పి. మొబైల్ ఛార్జర్‌తో పరీక్షించి నాయిజ్ అని టెన్షన్ పడకండి. స్కూటర్ బ్యాటరీ 12 వోల్టులు తెచ్చి తగిలించి చూడండి, గొణుగుడు పోయిందంటే తప్పు ఆసిలేటర్‌ది కానేకాదు.

[స్క్రీన్ మీద: ఏడీఎఫ్4351 బోర్డు.]

గుణుపూర్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న తమ్ముడొకడు అడిగాడు, "అన్నా, ఇదంతా ఎందుకు, ఈ చిప్ 35 నుంచి 4400 మెగాహెర్ట్జ్ ఇస్తుంది కదా?" అని. ఇస్తుంది రా. కానీ లోపల ఏముందో చూడు. మూడు వేర్వేరు ఆసిలేటర్లు, ఒక్కోదానికి 16 బ్యాండ్లు, కేవీసీవో చిన్నగా ఉండాలనే. మనం మూడు కెపాసిటర్లతో చేసిందే వాళ్ళు సిలికాన్‌లో చేశారు. అసలు ఆసిలేటర్ తిరిగేది 2200 నుంచి 4400 మధ్య, కింద కావాల్సింది భాగించి ఇస్తుంది. అంత పైన కాయిల్ చీమ కాలంత సరిపోతుంది, దాని క్యూ తక్కువే, అయినా 64తో భాగిస్తే నాయిజ్ 36 డీబీ తగ్గుతుంది, ఆ డివైడర్ సొంత నాయిజ్ అడ్డుపడేదాకా. సైజు మరీ ముఖ్యమైతే ఇదే దారి, నిజంగా తెలివైన దారి కూడా.

[స్క్రీన్ మీద: ఎనిమిది వరసల పట్టిక, ఖాళీగా.]

కట్టాక ఎనిమిది బ్యాండ్లలో ఒక్కోదానికి 1 వోల్ట్ దగ్గరా 10 వోల్టుల దగ్గరా ఫ్రీక్వెన్సీ రాసుకోండి. పక్క పక్క బ్యాండ్లు కొంచెమైనా ఒకదాని మీద ఒకటి ఎక్కాలి. సందు పడితే ఎక్కువగా 8.2, 15 రెండూ ఆగి 33 ఒక్కటే ఆన్ అయ్యే చోట పడుతుంది, అన్నిటికన్నా పెద్ద మెట్టు అదే, పైగా 33లో ఐదు శాతం తేడా ఉంటే ఇంకా పెరుగుతుంది. అప్పుడు 33 తీసి 30 వేయండి. కింది కొస 48కి అందకపోతే కాయిల్ చుట్లు ఒక్క పిసరు దగ్గరికి నొక్కండి, మైనం పోయకముందే.