తండ్రి పేరు రాసే గడి

అందరికీ నమస్కారం. 1881 డిసెంబరు 11న ఈ రాజమండ్రిలోనే కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరు వెలేసి, వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు రావడం మానేస్తే, ఆయన భార్య రాజ్యలక్ష్మి గారే గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చి వంట చేశారు. అయితే అప్పటి పెళ్లికూతుళ్లలో ఎక్కువమంది పసితనంలోనే భర్త పోయిన పిల్లలు. చంకన బిడ్డతో, చేతిలో డబ్బు లేని మనిషి ఒక కలిగినింటాయనను ఇష్టపడితే ఏమవుతుందో నేను మా ఇంట్లోనే చూశాను.

మా నాన్న పోయేనాటికి నాకు ఏడేళ్లు. అమ్మ తాడితోటలో ఒక హోల్‌సేల్ బట్టల షాపు నుంచి పని తెచ్చుకుని ఫాల్స్, జాకెట్లు కుట్టేది. మూట ఇవ్వడానికి వెళ్తే మేం షాపు మెట్ల మీదే కూర్చునేవాళ్లం. చిన్న యజమానిని నేను ‘అయ్యగారు’ అనేదాన్ని. ఓ రాత్రి పెళ్లివాళ్ల జాకెట్ల కోసం ఆయనే ఇంటికొచ్చారు. ఇంకా హుక్స్ కుట్టాలి, కరెంటు పోయింది. ఆయన టార్చి పట్టుకుని నిలబడ్డారు, చెయ్యి మార్చుకుంటూ, వెలుగు అమ్మ కళ్లలో పడకుండా సూది మీదే పడేలా. అమ్మ తలెత్తకుండానే పీట ఆయన వైపు జరిపింది.

రెండేళ్లకు పెళ్లి అనుకున్నారు. ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇచ్చి 30 రోజులు ఆగాలి. ఆ నోటీసు ఆఫీసులో అంటిస్తారు. దాంతో ఆయన వాళ్లకు తెలిసిపోయింది. "ఆస్తి చూసి వల వేసింది" అన్నారు. ఇష్టపడింది ఇద్దరూ, నింద మాత్రం డబ్బు లేనిదాని మీదే పడింది. ఆస్తిలో ఏమీ అడగనని స్టాంపు పేపరు మీద రాసిమ్మన్నారు. అమ్మ రోషంతో సంతకం పెట్టేసింది. తప్పు చేసిందనే ఇప్పటికీ అంటాను. సంతకంతో అనుమానం పోలేదు. ఆ ఇంటి పెళ్లిళ్లలో నన్ను చాలాకాలం రెండో పంక్తిలోనే కూర్చోబెట్టారు.

ఇక్కడున్న అక్కాచెల్లెళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. హిందూ వారసత్వ చట్టంలో భార్యకు హక్కు ఉంది. కానీ వెంట వచ్చిన బిడ్డకు, వీలునామా లేకపోతే, సవతి తండ్రి ఆస్తిలో వాటా రాదు. దత్తత తీసుకుంటే వస్తుంది. మామూలుగా బిడ్డకు 15 ఏళ్లు నిండకముందే తీసుకోవాలి. ఆడపిల్లయితే ఆయన కనీసం 21 ఏళ్లు పెద్దవాడై ఉండాలి. 2022లో ఒక తెలుగింటి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లి తన రెండో భర్తను కాగితాల్లో ‘సవతి తండ్రి’ అని చూపాలని హైకోర్టు చెప్పింది. బిడ్డ మనసు ఏమవుతుందో ఆలోచించని క్రూరమైన ఆదేశమది అంటూ సుప్రీంకోర్టు కొట్టేసింది. కన్నతండ్రి పోయాక బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు తల్లిదేనని చెప్పింది.

ఆ తీర్పు చదివి నేను ఏడ్చాను. బడిలో ప్రతి ఫారంలోనూ ‘తండ్రి పేరు’ గడి దగ్గర నా పెన్ను ఆగిపోయేది.

నాకు పద్నాలుగు నడుస్తుండగా ఆయన దత్తత పత్రం రాయించారు. రిజిస్ట్రారు ఆఫీసు గుమ్మంలో "నీకిష్టమేనా? లేకపోతే వెనక్కి వెళ్లిపోదాం" అని అడిగారు. తలూపాను. అప్పటిదాకా ఆయన్ని నేను ఏ వరసతోనూ పిలవలేదు, అంతా ‘మీరు’తోనే నెట్టుకొచ్చాను. తిరిగొచ్చేటప్పుడు స్కూటరు గతుకులో పడితే "నాన్నా, మెల్లగా" అనేశాను. ఆయన ఏమీ అనలేదు. ఇల్లు చేరేదాకా బండి మెల్లగానే నడిపారు.