బండికి ఛార్జింగ్ ఎప్పుడు పెట్టాలి?

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే సెల్లార్‌లో కుర్చీలేసి కూర్చోబెట్టారు కాబట్టి సూటిగానే మాట్లాడతాను. మనలో ఎలక్ట్రిక్ స్కూటర్ ఉన్నవాళ్లు చాలామంది చేసేది ఒకటే: ఆఫీసు నుంచి రాగానే స్టాండ్ వేసి, హెల్మెట్ తీసేలోపే ప్లగ్గు పెట్టేసి, తెల్లారేదాకా అలా వదిలేయడం. బ్యాటరీ ఆయుష్షు కరిగిపోయేది అక్కడే.

లిథియం బ్యాటరీకి రెండు పడవు. ఒకటి వేడి, రెండోది నిండా ఛార్జయ్యి గంటల తరబడి ఊరికే ఉండటం. మే నెలలో హైటెక్ సిటీ నుంచి మియాపూర్ దాకా ట్రాఫిక్‌లో వచ్చిన బండిని ఆపి, బ్యాటరీ ఉన్న చోట చెయ్యి పెట్టి చూడండి, సెగ తగులుతుంది. ఆ సెగ మీదే ఛార్జింగ్ పెడితే ఛార్జింగ్ వేడి కూడా తోడవుతుంది. లోపల ఎలక్ట్రోలైట్‌ను, అంటే బ్యాటరీలో ఉండే ద్రవాన్ని పాడుచేసే రసాయన చర్యలు జోరందుకుంటాయి, మనకు పనికి రావాల్సిన లిథియం కొంత వాటిలోనే చిక్కుకుపోతుంది, ఇక ఆ కెపాసిటీ వెనక్కి రాదు. అందుకే ఇంటికి రాగానే కాకుండా, భోజనాలయ్యాక, బండి చల్లారాక పెట్టండి. ఇంకా మంచిది తెల్లవారుజామున. టైమర్ ఉన్న బండైతే లేవాల్సిన పనీ లేదు.

“ఫుల్ చేయకపోతే దారిలో ఆగిపోతుందేమో సార్” అంటారు. ఆ టెన్షన్ నాకు తెలుసు, కానీ లెక్క చూడండి. 3 యూనిట్ల బ్యాటరీతో వంద కిలోమీటర్లు వచ్చే బండి మీద రోజుకు 30 కిలోమీటర్లు తిరిగితే అయ్యేది 30 శాతమే. 80 దగ్గర బయల్దేరితే సాయంత్రానికి 50. 750 వాట్ల ఛార్జర్ ఆ లోటును గంటన్నరలోపే పూడుస్తుంది. విజయవాడ వెళ్లే రోజు నూటికి నూరూ పెట్టుకోండి, ఎవరూ వద్దనరు. పెట్టాక బయల్దేరేయండి, అంతే. సున్నాకు దించి ఎక్కించడం మాత్రం పాత నికెల్ బ్యాటరీల నాటి అలవాటు, దీనికి అది హానే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మీది ఎల్‌ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనే రకం లిథియం బ్యాటరీ అయితే దాని వోల్టేజీ మధ్యలో చాలాదూరం దాదాపు కదలదు, అందుకని ఎంత శాతం మిగిలిందో బండికే సరిగ్గా అంచనా దొరకదు. నిండా ఎక్కిస్తే ఆ లెక్క మళ్లీ సరిపడుతుంది. కంపెనీ మాన్యువల్‌లో వారానికోసారి ఫుల్ చేయమని ఉంటే చేయండి. పాత స్లో స్కూటర్లలో ఉండే లెడ్ యాసిడ్‌ది పూర్తిగా రివర్సు: దాన్ని ఖాళీగా వదిలితే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది, కాబట్టి ఎప్పుడూ నిండుగానే ఉంచాలి. ఇళ్లలో ఇన్వర్టర్లకు ఎక్కువగా ఉండేది ఈ లెడ్ యాసిడే; దాన్ని చూసుకున్న చేత్తోనే లిథియం బండినీ చూసుకోవడం వల్లే ఈ తిప్పలన్నీ.

ఛార్జర్ సంగతి. కంపెనీ ఇచ్చిందే వాడండి, ఎర్తింగ్ ఉన్న 16 ఆంప్స్ సాకెట్‌కు పెట్టండి. నాలుగో అంతస్తు బాల్కనీ నుంచి ఎక్స్‌టెన్షన్ వైరు వేలాడదీసినవాళ్లు ఎవరో నేను చెప్పను, వాళ్లకే తెలుసు. ఛార్జింగ్‌లో ఉండగా రెయిన్ కవర్ కప్పేయకండి, వేడి బయటికి పోవాలి.

మెట్ల దగ్గర అసలే వద్దు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలొచ్చి 8 మంది చనిపోయారు, పొగ మెట్ల దారిలోనే పైకెక్కింది. ప్యాక్ ఉబ్బినా, ఘాటు వాసన వచ్చినా ప్లగ్గు ముట్టుకోకుండా మెయిన్ ఆపి, దూరంగా జరిగి ఫైర్ స్టేషన్‌కు ఫోన్ చేయండి.

సంక్రాంతికి ఊరెళ్తే లిథియం బండిని సగం ఛార్జింగ్‌లో ఉంచి, ప్లగ్గు తీసేసి, నీడలో పెట్టి వెళ్లండి. తమది ఏ బ్యాటరీయో తెలియనివాళ్లు మాన్యువల్ పట్టుకుని ఇటు రండి, ఒక్కొక్కరిదీ చూద్దాం.