మ్యూనిక్ వీధిలో చూసిన కారు డాలస్‌కు రావాలంటే

చెల్లెలు: అందరికీ నమస్కారం. ఈ వారం అతిథి మా ఇంట్లో మనిషే, మా అన్నయ్య. ఏడేళ్లు మ్యూనిక్‌లో ఉన్నాడు, ఇప్పుడు డాలస్‌లో ఉంటున్నాడు. చేసే పని సాఫ్ట్‌వేర్, ప్రాణం మాత్రం కార్ల మీద. నేను ఎప్పటిలాగే విజయవాడ నుంచి మాట్లాడుతున్నాను. అన్నయ్యా, మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట దగ్గరే మొదలుపెడదాం. "నాకు కావలసిన కారుకు ఇంకా వయసు రాలేదు" అన్నావు. కారుకు వయసు రావడమేమిటి?

అన్నయ్య: నిజంగానే రావాలి. పాతికేళ్లు నిండాలి. అమెరికాలో కంపెనీ అమ్మని కారును బయటి నుంచి తెచ్చి రోడ్డు మీద నడపాలంటే మామూలు మనిషికి ఉన్న దారి దాదాపు అదొక్కటే. నాకు కావలసింది ఆడి ఆర్‌ఎస్4 అవాంట్, మొదటి తరం. 2.7 లీటర్ల వీ6, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బోలు రెండు, 380 హార్స్‌పవర్, ఆరు గేర్ల మాన్యువల్. చూడ్డానికి మాత్రం పిల్లల్ని బడిలో దింపే స్టేషన్ వ్యాగన్, అంటే వెనక సామాన్లకు పొడుగ్గా చోటుండే కారు. 2009లో మ్యూనిక్ వెళ్లిన కొత్తలో మా వీధిలోనే నీలం రంగుది ఒకటి ఉండేది. రోజూ ట్రామ్ కోసం నిలబడి దాన్నే చూసేవాణ్ని. ఆ కారును అమెరికాలో ఒక్కటి కూడా అమ్మలేదు.

చెల్లెలు: అమెరికాలో దొరకని కారు కూడా ఉంటుందా?

అన్నయ్య: 2016లో ఇక్కడికి వచ్చేటప్పుడు నేనూ నీలాగే అనుకున్నాను. అసలు సంగతి చట్టాల్లో ఉంది. యూరప్‌లో కొత్త మోడల్ వస్తే ప్రభుత్వం నియమించిన సంస్థ పరీక్షించి ముద్ర వేస్తుంది. ఒక దేశంలో ఆ ఆమోదం దొరికితే యూరోపియన్ యూనియన్ అంతటా చెల్లుతుంది. అమెరికాలో అలా కాదు. "మీ ప్రమాణాలన్నీ పాటించాను, పూచీ నాది" అని కంపెనీయే రాసివ్వాలి. ప్రమాణాలు కూడా వేరు. సీటు బెల్టు పెట్టుకోని మనిషికి ఏమవుతుందో చూసే క్రాష్ టెస్టులు కూడా ఇక్కడ ఉన్నాయి. లైట్లు వేరు, పక్కన వెలిగే మార్కర్ దీపాలు వేరు. పొగ లెక్కలు చూసేది ఇంకో శాఖ. ఏడాదికి కొన్ని వందలు అమ్ముడయ్యే కారు కోసం ఇదంతా మళ్లీ చేయాలంటే కంపెనీకి గిట్టదు.

చెల్లెలు: కంపెనీ తేకపోతే మనమే ఓడలో వేసి తెచ్చుకోవచ్చు కదా?

అన్నయ్య: 1980ల్లో సరిగ్గా అదే చేశారు. డాలర్ బలంగా ఉండేది. జర్మనీలో కొని తెచ్చుకుంటే ఇక్కడి షోరూం కన్నా చౌక, పైగా పవర్ ఎక్కువ. ఆ దొడ్డిదారి వ్యాపారం బాగా పెరిగింది. అమెరికాలో అధికారికంగా అమ్ముకునే వాళ్లకు అది గిట్టలేదు, చట్టం మార్చమని పట్టుబట్టారు. 1988లో చట్టం వచ్చింది. 25 ఏళ్లు నిండిన కారుకు భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు, అంతకన్నా కొత్తదైతే దాన్ని ప్రమాణాలకు తగ్గట్టు మార్చే బాధ్యత ప్రభుత్వం దగ్గర నమోదైన దిగుమతిదారుల మీద, రిజిస్టర్డ్ ఇంపోర్టర్లంటారు. ఇక్కడ అమ్మే కారుకు దగ్గరి పోలిక ఉంటే ఆ పని కుదురుతుంది. లేకపోతే ఖర్చుకు అంతుండదు.

చెల్లెలు: డబ్బున్నవాళ్లకు కూడా అంతేనా?

అన్నయ్య: బిల్ గేట్స్‌కే కుదరలేదు. ఆయన పోర్షే 959 తెప్పించుకున్నాడు. క్రాష్ టెస్టుకు ఆ కార్లు ఇవ్వడానికి కంపెనీ ఒప్పుకోలేదు. కారు ఏళ్ల తరబడి కస్టమ్స్ దగ్గరే ఉండిపోయింది. చివరికి 1990ల ఆఖర్లో ఇంకో మినహాయింపు వచ్చింది. చరిత్రలోనో సాంకేతికంగానో ప్రత్యేకత ఉన్న అరుదైన కారైతే తెచ్చుకోవచ్చు, ఏడాదికి 2,500 మైళ్లు మించి నడపకూడదు.

చెల్లెలు: అమ్మిన కార్లు మాత్రం అన్ని చోట్లా ఒకటేనా?

అన్నయ్య: ఇది నేను గంట మాట్లాడగలను. బీఎండబ్ల్యూ ఎం3, 1990ల నాటిది, ఈ36 అంటారు. యూరప్‌లో 1992లో వచ్చింది. మూడు లీటర్ల ఇంజిన్, 286 హార్స్‌పవర్. ఆరు సిలిండర్లకు ఆరు విడివిడి థ్రాటిళ్లు, అంటే గాలిని లోపలికి వదిలే మూతలు. కాలు పెడితే చాలు, తీగ మీటినట్టు పలుకుతుంది. అమెరికాకు రావడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. పేరు అదే, లీటర్లు అవే, పవర్ మాత్రం 240. ఆ ఇంజిన్ అసలు వేరు, మామూలు బీఎండబ్ల్యూ 325లో ఉండే దాన్ని పెంచి పెట్టారు. తర్వాత రెండు చోట్లా 3.2 లీటర్లకు పెంచారు. యూరప్‌లో 321కి వెళ్లింది, ఇక్కడ 240 దగ్గరే ఉంది.

చెల్లెలు: అదేం న్యాయం? ఒకే పేరు పెట్టి 81 హార్స్‌పవర్ కోసేశారా?

అన్నయ్య: నాకూ మొదట కోపం వచ్చింది. తర్వాత ధరలు చూశాక అభిప్రాయం మారింది. యూరప్ ఇంజిన్‌తో తెస్తే అమెరికాలో ఎవరూ కొనలేని ధర అయ్యేది. కంపెనీకి ఆ తరం ఎం3ని ఇక్కడికి తెచ్చే ఉద్దేశమే మొదట్లో లేదు. ఇక్కడి బీఎండబ్ల్యూ క్లబ్ సభ్యులు ఉత్తరాలు రాసి రాసి అడిగారు. మామూలు ఉద్యోగస్తుడు కూడా అప్పు చేసి కొనగలిగే ధరలో వచ్చింది, అందుకే అంతమంది నడిపారు. నేను డాలస్‌లో ఒకటి నడిపి చూశాను. అది మంచి కారు, ఎవరేమన్నా సరే. ఇంకో ముచ్చట చెప్పనా? పక్కనే ఉన్న కెనడాలో 1994లో అసలు యూరప్ ఇంజిన్‌తోనే 45 కార్లు అమ్మారు. సరిగ్గా 45. సరిహద్దు దాటితే చాలు, కారు మారిపోయింది.

చెల్లెలు: పాతికేళ్ల నియమం కెనడాలోనూ ఉందా?

అన్నయ్య: అక్కడ 15 ఏళ్లే. నాకు కావలసిన ఆర్‌ఎస్4 కెనడా రోడ్ల మీద ఎప్పుడో తిరుగుతోంది. టొరంటోలో మన తెలుగు స్నేహితుడు ఒకతను తెప్పించుకుని ఫొటో పంపాడు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

చెల్లెలు: ఆ వ్యాగన్‌లంటే నీకు అంత ఇష్టం ఎందుకు?

అన్నయ్య: ఒకే కారులో ఇల్లంతా పడుతుంది, ఆటోబాన్, అంటే జర్మనీ హైవే ఎక్కితే స్పోర్ట్స్ కార్‌తో సమానంగా వెళ్తుంది. అలాంటి ఆలోచన యూరప్‌లోనే పుట్టింది. ఆడి ఆర్‌ఎస్2 అవాంట్ 1994లో వచ్చింది. 2.2 లీటర్ల ఐదు సిలిండర్ల టర్బో, 315 హార్స్‌పవర్. పోర్షే వాళ్లతో కలిసి చేశారు, మొత్తం చేసింది 2,891 మాత్రమే. అమెరికాకు రాలేదు. ఆర్‌ఎస్6 సంగతి చూడు. మొదటి తరంలో ఇక్కడికి సెడాన్ ఒక్కటే వచ్చింది. తర్వాతి రెండు తరాలు ఏ రూపంలోనూ రాలేదు. నాలుగో తరం వ్యాగన్ 2021 మోడల్‌గా వచ్చింది. దాదాపు ఇరవై ఏళ్ల ఎదురుచూపు అది. వ్యాగన్ తెస్తే అమ్ముడుపోదని కంపెనీల నమ్మకం. ఇక్కడ అందరూ ఎస్‌యూవీలే కొంటారు కాబట్టి అది తప్పని కూడా చెప్పలేను. ఇప్పుడు కూడా బీఎండబ్ల్యూ వ్యాగన్లలో (వాళ్లు టూరింగ్ అంటారు) ఎం5 టూరింగ్ ఇక్కడ దొరుకుతుంది, ఎం3 టూరింగ్ దొరకదు. ఎం3 టూరింగ్ ఆస్ట్రేలియాలో దొరుకుతుంది. నాకు కావలసింది చిన్నది!

చెల్లెలు: అయితే మనకు దొరికి అమెరికాకు దొరకనివి ఏమైనా ఉన్నాయా? ఉంటే చెప్పు, కాస్త సంతోషిస్తాను.

అన్నయ్య: ఉంది, సంతోషించు. మెర్సిడెస్ ఏఎంజీ ఏ45 ఎస్. రెండు లీటర్లు, నాలుగు సిలిండర్లు, 421 హార్స్‌పవర్. 2021 నవంబర్‌లో భారత్‌లో విడుదల చేశారు, ఎక్స్-షోరూం 79.5 లక్షలు. ఆ హ్యాచ్‌బ్యాక్‌ను అమెరికాలో అమ్మలేదు. ఇక్కడివాళ్లు సెడాన్ లాంటి సీఎల్ఏ 45తో సరిపెట్టుకున్నారు, దానికి పవర్ కూడా తక్కువ. సెలవులకు వచ్చినప్పుడు జూబ్లీహిల్స్‌లో ఒక పసుపు రంగు ఏ45 ఎస్ చూసి రోడ్డు పక్కన ఆగిపోయాను. వెంట ఉన్న బావకు అర్థం కాలేదు.

చెల్లెలు: మన దగ్గర అన్నింటికీ అడ్డం పన్నే అనుకున్నాను. మరి అది ఎలా వచ్చింది?

అన్నయ్య: పన్ను ఉంది, చాలా ఉంది. ఖరీదైన కారును తయారైనది తయారైనట్టుగా దిగుమతి చేస్తే సుంకం కారు ధరను మించిపోతుంది. దాని పైన జీఎస్టీ, ఆ పైన మన ఆర్టీవో దగ్గర లైఫ్ ట్యాక్స్. కానీ పన్ను ఒక్కటే కాదు. ఇంతకుముందు కొత్త మోడల్ తేవాలంటే మన దేశంలో మళ్లీ పరీక్షలకు ఇవ్వాలి, పుణెలో వాహనాలను పరీక్షించే ఏఆర్ఏఐ లాంటి చోట. దానికి కార్లు, నెలల సమయం, డబ్బు. 2018లో నియమం సడలించారు. యూరప్ లాంటి చోట ఆమోదం ఉండి స్టీరింగ్ కుడి వైపు ఉంటే, కంపెనీ ఏడాదికి 2,500 కార్ల దాకా మన దేశంలో మళ్లీ పరీక్షించకుండా తేవచ్చు. ఆ చిన్న సడలింపు వల్లే మన దగ్గర ఇప్పుడు ఈ సందడి. స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 2025లో 100 వచ్చాయి. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ 150 వచ్చాయి, సుమారు 53 లక్షలు.

చెల్లెలు: గోల్ఫ్‌కు 53 లక్షలా? ఎవరు కొన్నారు?

అన్నయ్య: ధర చెప్పకముందే అన్నీ బుక్ అయిపోయాయి. ఇది నాకు చాలా ఆనందం కలిగించిన విషయం. ఎందుకంటే 2016లో అదే కంపెనీ పోలో జీటీఐ తెచ్చింది, 99 కార్లు, 26 లక్షలకు ఒక్క వెయ్యి తక్కువ. మూడు తలుపుల చిన్న కారుకు అంతా అని జనం మొహం చాటేశారు. తర్వాత ఆరు లక్షలు తగ్గించాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఇప్పటికి మన కొనుగోలుదారు మారాడు. ఏం కొంటున్నాడో తెలిసి కొంటున్నాడు. కంపెనీ కూడా దీన్నే చూస్తుంది. తెచ్చిన 150 కార్లూ కొన్ని గంటల్లోనే అమ్ముడుపోయాయా, నెలలు పట్టిందా అని. తర్వాతి కారు వస్తుందో రాదో దాన్ని బట్టే.

చెల్లెలు: మనకు వచ్చిన జీటీఐ, జర్మనీ జీటీఐ ఒకటేనా?

అన్నయ్య: ఒకటే, అక్కడా మన దగ్గరా 265 హార్స్‌పవర్. ఇంతకుముందు మాత్రం వేడి దేశాలకు కాస్త తగ్గించిన సందర్భాలున్నాయి. ఏడో తరం గోల్ఫ్ ఆర్ ఆస్ట్రేలియాకు వచ్చినప్పుడు యూరప్‌లో 300, అక్కడ 280. వేడి వాతావరణానికి వేరే ట్యూనింగ్ అన్నారు.

చెల్లెలు: ఆస్ట్రేలియాలో మన వాళ్లు చాలామంది వింటున్నారు. వాళ్ల కష్టాలేమిటి?

అన్నయ్య: స్తంభం కష్టం. కారు పక్క భాగం స్తంభానికి గుద్దుకుంటే లోపలివాళ్లకు ఏమవుతుందో చూసే నియమం ఒకటి 2021 చివర్లో పాత మోడళ్లకు కూడా వర్తించింది. దాంతో ఆల్పీన్ ఏ110 అనే ఫ్రెంచ్ స్పోర్ట్స్ కారు అక్కడి షోరూంలోంచి వెళ్లిపోయింది. అంత తేలికగా, అంత చక్కగా మలుపు తిరిగే కారు ఈ రోజుల్లో అరుదు. అమెరికాకైతే అది అసలు రానేలేదు.

చెల్లెలు: అంటే యూరప్ వాళ్లే అదృష్టవంతులు.

అన్నయ్య: ఇప్పుడు అలా అనలేం. పోర్షే 718 బాక్స్‌టర్, కేమన్ స్టట్‌గార్ట్‌లో తయారైన కార్లు. 2024 జూలై నుంచి సైబర్ భద్రత నియమాలు వచ్చాయి. పాత ఎలక్ట్రానిక్స్‌ను వాటికి తగ్గట్టు మార్చడం గిట్టక యూరోపియన్ యూనియన్‌లో వాటి అమ్మకం దాదాపుగా ఆపేశారు. అమెరికాలో మాత్రం తర్వాత కూడా కొన్నాళ్లు అమ్మారు. తయారైన ఊళ్లోనే దొరకలేదు, చూడు. శబ్దం సంగతి ఇంకా బాధ. 2018 నుంచి యూరప్‌లో పొగ నియమాలు కఠినమై పెట్రోల్ ఇంజిన్లకు కూడా పొగలో మసిని పట్టే ఫిల్టర్లు పెట్టాల్సి వచ్చింది, వాటితో ఇంజిన్ శబ్దం కూడా అణిగిపోతుంది. ఆ ఏడాది మే నెలలోనే యూరప్ కోసం అప్పటి ఎం3 తయారీ ఆపేశారు. అదే తరహా కారు ఇక్కడ ఫిల్టర్ లేకుండా వస్తుంది, గొంతు విప్పి పాడుతుంది. గాలి శుభ్రంగా ఉండాలన్నది నేను కాదనను. మ్యూనిక్‌లో ఆ గాలి పీల్చినవాణ్నే. కానీ ఆ గొంతు మూగబోవడం నాకు నిజంగా బాధ.

చెల్లెలు: ఒక శ్రోత ప్రశ్న. అమెరికా నుంచి ఇండియాకు తిరిగొచ్చేటప్పుడు అక్కడి స్పోర్ట్స్ కారు తెచ్చుకోవచ్చా అని.

అన్నయ్య: కుదరదు. వాడిన కారైతే తయారై మూడేళ్లు మించకూడదు, స్టీరింగ్ కుడి వైపు ఉండాలి, ముంబయి రేవు ద్వారానే దించాలి. అమెరికా కారు స్టీరింగ్ దగ్గరే ఆగిపోతుంది. పైగా సుంకం. అమ్మేసి రండి, అది నా సలహా. బ్రిటన్ కార్లు ఇష్టపడేవాళ్లకు మాత్రం ఆశ ఉంది. 2025 జూలై 24న భారత్, బ్రిటన్ వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అందులో కార్ల సుంకం కొంత సంఖ్య వరకు దశలవారీగా 10 శాతానికి దిగుతుంది.

చెల్లెలు: ఇక నీ ఆర్‌ఎస్4 సంగతి చెప్పు. 25 ఏళ్లు నిండినవి ఇప్పటికే ఉన్నాయిగా, ఎందుకు కొనలేదు?

అన్నయ్య: ఒకసారి కొనబోయి దెబ్బతిన్నాను. యూరప్‌లో అమ్మేవాడు ఒకడు 2000 మోడల్ అని చెప్పాడు, అడ్వాన్స్ పంపాను. ఓడ ఎక్కించే ముందు తయారీ తేదీ కాగితం అడిగితే 2001 అని బయటపడింది. మోడల్ సంవత్సరం లెక్కలోకి రాదు, మొదటి రిజిస్ట్రేషన్ కూడా రాదు. తయారైన నెల నుంచి లెక్కపెడతారు. ఒక్క నెల తక్కువైనా రేవులో ఆపేస్తారు. మూడు వారాలు ఒకటే టెన్షన్. అడ్వాన్స్‌లో సగమే తిరిగొచ్చింది. వింటున్నవాళ్లు ఎవరైనా కొనేటట్టయితే ముందు తయారీ తేదీ రాతపూర్వకంగా తీసుకోండి, తర్వాతే డబ్బు పంపండి.

చెల్లెలు: ఇప్పుడు చూస్తున్నది?

అన్నయ్య: నోగారో బ్లూ, మా వీధిలో ఉన్న రంగే. 2001 జూన్‌లో తయారైంది, కాగితం నా చేతిలో ఉంది. టైమింగ్ బెల్ట్ కిందటేడాది మార్చారు. టర్బోలు రెండూ విప్పి చూడమని మ్యూనిక్‌లో నమ్మకమైన మెకానిక్‌కు చెప్పాను. ఇంజిన్ దించకుండా వాటిని మార్చడం కష్టం కాబట్టి అది ముందే తేలిపోవాలి. శనివారం ఫోన్ చేస్తానన్నాడు.

చెల్లెలు: శనివారం నాకు కూడా చెయ్యి.

అన్నయ్య: నీకే మొదట చేస్తాను.