చంటివాడికి బర్త్ సర్టిఫికెట్ చాలు, మరి అక్క సంగతి? క్రూయిజ్ ఎక్కే పిల్లల కాగితాలు

(తెర మీద: డైనింగ్ టేబుల్. నాలుగు ప్లాస్టిక్ కవర్లు వరసగా పేర్చి ఉన్నాయి. కెమెరా పైనుంచి.)

డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ఉండే ఒక తెలుగు ఇల్లు అనుకోండి. నాన్నది హెచ్-1బీ, అంటే ఉద్యోగ వీసా; అమ్మది హెచ్-4, అంటే దాని మీద కుటుంబానికి వచ్చే వీసా. ఇండియాలో పుట్టి ఇక్కడికొచ్చిన 8 ఏళ్ళ పాప కూడా హెచ్-4. ఇక్కడే పుట్టిన 14 నెలల బాబు అమెరికన్ సిటిజన్. క్రిస్మస్ సెలవులకి క్రూయిజ్ బుక్ చేశారు. ఇంటిల్లిపాదికీ బెంగ బాబు గురించే. వాడికింకా పాస్‌పోర్ట్ రాలేదు, ఓడ ఎక్కనిస్తారా అని.

ఆ నలుగురిలో అన్నిటికంటే సులువైన దారి వాడిదే. పోర్టు దాకా వెళ్ళి వెనక్కి తిరగాల్సి వస్తే, అది అక్క కాగితాల వల్లే అయ్యే అవకాశం ఎక్కువ.

(తెర మీద: కరీబియన్ మ్యాప్. మయామీ నుంచి ఒక గీత బయల్దేరి, బహామాస్‌లోని నసావు, మెక్సికోలోని కోజుమెల్ చుట్టి మళ్ళీ మయామీ చేరుతుంది.)

ముందు బాబు సంగతి. అమెరికాలో ఏ పోర్టులో ఎక్కామో అదే పోర్టులో దిగే ప్రయాణాన్ని క్లోజ్డ్ లూప్ అంటారు. మయామీలో ఎక్కి మయామీలో దిగితే క్లోజ్డ్ లూప్. ఒక పోర్టులో ఎక్కి ఇంకో పోర్టులో దిగితే, రెండూ ఫ్లోరిడాలోనే ఉన్నా సరే, కాదు. 2009 జూన్ 1 నుంచి నడుస్తున్న నిబంధన ప్రకారం ఇలా కరీబియన్, మెక్సికో, కెనడా, బెర్ముడా వైపు సముద్రం మీద వెళ్ళొచ్చే 16 ఏళ్ళలోపు అమెరికన్ పిల్లలు పాస్‌పోర్ట్ లేకుండా బర్త్ సర్టిఫికెట్‌తోనే తిరిగి దేశంలోకి రావచ్చు.

ఏ బర్త్ సర్టిఫికెట్ అన్నది అసలు ప్రశ్న.

(తెర మీద: రెండు కాగితాలు పక్కపక్కన. ఒకదాని మీద చిన్ని పాదాల ముద్రలు, బంగారు రంగు అంచు. రెండోది సాదా కాగితం. వేలు దాని కింది మూలకి వెళ్ళి ఉబ్బెత్తు సీలు మీద ఆగుతుంది.)

ఎడమవైపుది డెలివరీ అయ్యాక ఆసుపత్రివాళ్ళు ఇచ్చేది. ఫ్రేము కట్టి గోడకి పెట్టుకోవడానికి బాగుంటుంది, చెక్-ఇన్ కౌంటర్ దగ్గర మాత్రం పనికిరాదు. కుడివైపుది కావాలి. జనన మరణాలు నమోదు చేసే స్టేట్ లేదా కౌంటీ వైటల్ రికార్డ్స్ ఆఫీసు ఇచ్చిన సర్టిఫైడ్ కాపీ. ఆ ఆఫీసు సీలు గానీ స్టాంపు గానీ, రిజిస్ట్రార్ సంతకం, రిజిస్టర్ చేసిన తేదీ, అమ్మానాన్నల పూర్తి పేర్లు. ఈ నాలుగూ ఉన్నాయో లేదో చూడండి. ఇమిగ్రేషన్ వాళ్ళు పిల్లలకి జిరాక్స్ కూడా ఒప్పుకుంటారు. కానీ మిమ్మల్ని ఓడ ఎక్కించాలా వద్దా అన్నది మొదట తేల్చేది క్రూయిజ్ కంపెనీ, ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. సర్టిఫైడ్ కాపీ చేతిలో ఉంటే ఆ గొడవే ఉండదు. భద్రంగా ఉంటుందని లామినేషన్ మాత్రం చేయించకండి, ఉబ్బెత్తు సీలైతే చేతికి తగలదు.

వయసు కూడా చూసుకోండి. పెద్ద కంపెనీలు చాలావరకు 6 నెలలు నిండని పిల్లల్ని ఎక్కించుకోవు. అట్లాంటిక్ దాటే ప్రయాణాలకీ, వరసగా ఎక్కువ రోజులు నడిసముద్రంలో ఉండేవాటికీ 12 నెలలు నిండాలి. లెక్క బుక్ చేసిన రోజుది కాదు, ఓడ బయల్దేరే రోజుది.

ఇంతా చెప్పాక, బాబుకి పాస్‌పోర్ట్ తీసుకోవడమే మంచిదని కూడా చెప్పాలి. మార్టినిక్, గ్వాడలూప్ లాంటి ఫ్రెంచి దీవులకి వెళ్ళే ఓడలైతే క్లోజ్డ్ లూప్ అయినా పాస్‌పోర్ట్ అడుగుతారు. దానికంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. నసావులో బాబుకి జ్వరం ముదిరి ఆసుపత్రిలో చేర్చారనుకోండి, లేదా బీచ్ నుంచి వచ్చేసరికి ఓడ వెళ్ళిపోయిందనుకోండి. ఇంటికి రావాలంటే విమానమే దిక్కు. బర్త్ సర్టిఫికెట్ ఓడకి పనికొస్తుంది, అంతర్జాతీయ విమానానికి పనికిరాదు. పుస్తకం బదులు పర్సులో పట్టేలా ఇచ్చే పాస్‌పోర్ట్ కార్డుదీ అదే కథ. పాస్‌పోర్ట్ పుస్తకం లేకపోతే అమెరికన్ కాన్సులేట్ చుట్టూ తిరిగి అత్యవసర పాస్‌పోర్ట్ తెచ్చుకోవాలి, అదీ ఒంట్లో బాగాలేని పిల్లవాణ్ణి చంకనేసుకుని.

(తెర మీద: డీఎస్-11 ఫారం. సంతకం గడి మీద ఎర్ర గుర్తు.)

16 ఏళ్ళలోపు పిల్లల పాస్‌పోర్ట్‌కి ఫారం డీఎస్-11. ఇంట్లో నింపండి, సంతకం మాత్రం చేయకండి. పోస్టాఫీసులోనో కౌంటీ క్లర్క్ దగ్గరో అధికారి ప్రమాణం చేయించాక ఆయన ఎదుటే చేయాలి. పిల్లవాడూ అమ్మానాన్నలిద్దరూ రావాలి. ఒకరు రాలేకపోతే వాళ్ళు డీఎస్-3053 అనే అంగీకార ఫారం మీద నోటరీ ఎదుట సంతకం పెట్టి, ఆ నోటరీకి చూపించిన ఐడీ జిరాక్స్ రెండువైపులా తీసి జతచేయాలి. మూడు నెలలు దాటితే ఆ కాగితం చెల్లదు. అప్లికేషన్ ఫీజు 100 డాలర్లు, అక్కడ అప్లికేషన్ తీసుకునే ఆఫీసుకి విడిగా 35. అమ్మానాన్నల ఐడీ అంటే ఇండియన్ పాస్‌పోర్ట్ చూపించవచ్చు. మీ వీసా ఏదన్నది బాబు పౌరసత్వానికి అడ్డురాదు.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ఇది. ఉన్న ఒక్క ఒరిజినల్ బర్త్ సర్టిఫికెట్‌నీ అప్లికేషన్‌తో పంపేస్తారు. పాస్‌పోర్ట్ ఒక కవరులో, సర్టిఫికెట్ ఇంకో కవరులో, వేర్వేరు రోజుల్లో వస్తాయి. ఈలోపు ప్రయాణం తేదీ వచ్చేస్తే చేతిలో ఏదీ ఉండదు. ముందే వైటల్ రికార్డ్స్ నుంచి రెండు కాపీలు తెప్పించుకోండి. తల్లిదండ్రుల పేర్లు లేని షార్ట్ ఫారం కాపీ పాస్‌పోర్ట్‌కి పనికిరాదు, లాంగ్ ఫారం అడగండి.

ఫోటో 2 అంగుళాలు బై 2 అంగుళాలు. బాబుని తెల్ల దుప్పటి మీద పడుకోబెట్టి పైనుంచి తీయండి. తల కింద పట్టుకున్న మీ చెయ్యి ఫోటోలో పడకూడదు, ముఖం మీద నీడ పడకూడదు. దిష్టిచుక్క ఆ ఐదు నిమిషాలకీ తుడిచెయ్యండి, అమ్మమ్మకి మళ్ళీ పెట్టుకోవచ్చని చెప్పండి.

(తెర మీద: బాబు కవరు పక్కకి జరుగుతుంది. రెండో కవరు తెరుచుకుంటుంది: నీలం రంగు ఇండియన్ పాస్‌పోర్ట్. పేజీలు తిరుగుతూ వీసా స్టాంపు మీద ఆగుతాయి. గడువు తేదీ పెద్దదిగా.)

ఇప్పుడు అక్క. ఆమె పాస్‌పోర్ట్ కావాలి, అందులో గడువు దాటని హెచ్-4 వీసా స్టాంపు కావాలి, ఇమిగ్రేషన్ వాళ్ళు ఆమోదం తెలుపుతూ పంపే ఐ-797 కాగితం కాపీ ఉండాలి. ఇంట్లో జరిగేది ఏమిటంటే, ఐ-797 మీద 2 ఏళ్ళో 3 ఏళ్ళో ఎక్స్‌టెన్షన్ ఉంటుంది కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటారు. ఐ-797 ఈ దేశంలో ఉండటానికి అనుమతి. బయటికెళ్ళి మళ్ళీ లోపలికి రావడానికి కావాల్సింది స్టాంపు. ఓడ అంతర్జాతీయ జలాల్లోకి వెళ్ళి నసావులో ఒక్క పూట ఆగినా, తిరిగి రావడం కొత్తగా రావడమే.

"ఆటోమేటిక్ రీవాలిడేషన్ ఉందిగా" అని వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు అంటారు. అంటే స్టాంపు గడువు దాటినా కొద్దిరోజుల ప్రయాణం నుంచి తిరిగి రానిచ్చే వెసులుబాటు. ఉంది, కానీ హెచ్ వీసాలవాళ్ళకి అది కెనడా, మెక్సికోలకి మాత్రమే, 30 రోజుల్లోపు ప్రయాణానికే. కరీబియన్ దీవులు కలిసేది ఎఫ్ (విద్యార్థి), జె (ఎక్స్‌చేంజ్) వీసాలవాళ్ళకి. బహామాస్‌లో ఒక్క స్టాపు ఉన్నా స్టాంపు అయిపోయిన హెచ్-4 పాపకి ఆ వెసులుబాటు లేదు.

సరే, టెక్సస్‌లోని గాల్వెస్టన్ నుంచి కోజుమెల్‌కి మాత్రమే వెళ్ళే ఓడ చూసుకుందామంటారా? అక్కడ ఇంకో మెలిక. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్న ఇండియన్లకి మెక్సికో వీసా అక్కర్లేదు. స్టాంపు గడువు దాటితే ఆ మినహాయింపు కూడా పోతుంది, ఐ-797 దానికి బదులు కాదు. అమెరికా రానిస్తానన్నా మెక్సికో వీసా విడిగా కావాలి. స్టాంపు లేని పిల్లతో క్రూయిజ్ వద్దు. ఇండియా వెళ్ళి స్టాంపింగ్ చేయించుకున్నాక పెట్టుకోండి. డిపాజిట్ వెనక్కొచ్చే గడువు దాటకముందే ఈ సంగతి తేల్చుకోవాలి.

స్టాంపు పాత పాస్‌పోర్ట్‌లో ఉండి, కొత్త పాస్‌పోర్ట్ వచ్చి ఉంటే కంగారు లేదు. రెండూ పట్టుకెళ్ళండి. పాత పుస్తకం మూల కత్తిరించి ఉన్నా, వీసా పేజీ చెడకపోతే ఆ స్టాంపు చెల్లుతుంది.

(తెర మీద: సియాటిల్ నుంచి అలాస్కాకి గీత. దారిలో విక్టోరియా దగ్గర ఎర్ర చుక్క.)

అలాస్కా క్రూయిజ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సియాటిల్‌లో ఎక్కి అలాస్కా చూసి సియాటిల్‌లో దిగుతాం, అంతా అమెరికాయే కదా అనిపిస్తుంది. కానీ ఈ ఓడలన్నీ దాదాపు విదేశీ జెండావి. 1886 నాటి ఒక చట్టం ప్రకారం అలాంటి ఓడ మధ్యలో ఒక విదేశీ పోర్టు తాకకుండా అమెరికా పోర్టుల మధ్య ప్రయాణికుల్ని ఇలా తిప్పకూడదు. అందుకే విక్టోరియాలో, చాలాసార్లు సాయంత్రం కొన్ని గంటలే అయినా, ఆగుతుంది. విక్టోరియా కెనడా. బాబుకి ఇబ్బంది లేదు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న ముగ్గురికీ కెనడా విజిటర్ వీసా కావాలి, అక్కకి కూడా విడిగా. మేం ఓడ దిగం అంటే కుదరదు, దారిలో తాకే ప్రతి దేశం కాగితాలూ చూసే ఎక్కిస్తారు. ఫీజు మనిషికి 100 కెనడియన్ డాలర్లు. 14 ఏళ్ళలోపు పిల్లలకి వేలిముద్రలు అక్కర్లేదు, అమ్మానాన్నలు ఇవ్వాలి. ఆమోదం వచ్చాక స్టాంపు కోసం పాస్‌పోర్ట్ పంపాలి, ఆ రోజులు కూడా లెక్కేసుకోండి. గ్రీన్ కార్డు ఉన్న ఇళ్ళకి ఈ వీసా బాధ లేదు.

మిగతా దీవుల వీసా నియమాలు దేశానికో తీరు. కంపెనీ కస్టమర్ కేర్‌లో నోటిమాటగా "ఓకే అండీ" అంటే నమ్మకండి. షిప్ పేరు, తేదీ, పాస్‌పోర్ట్ దేశం రాసి ఈమెయిల్‌లో జవాబు తెప్పించుకోండి.

(తెర మీద: బుకింగ్ పేజీ. పేరు గడిలో 'సాయిఆద్విక్'. పక్కన సర్టిఫికెట్ మీద 'సాయి ఆద్విక్'.)

పేర్లు. మన దగ్గర ఇంటిపేరు ముందు, మధ్యలో సాయో వెంకటో, చివర పిలిచే పేరు. ఇక్కడి ఫారాల్లో అది తలకిందులవుతుంది. కొందరి ఇండియన్ పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది, అలాంటివాళ్ళ అమెరికా వీసా మీద ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. బుకింగ్‌లో ఇంట్లో పిలిచే పేరు రాయకండి, పోర్టులో చూపించబోయే కాగితం మీద ఎలా ఉందో అలా అక్షరం పొల్లుపోకుండా రాయండి. అమ్మ ఇంటిపేరు వేరు, బాబు ఇంటిపేరు వేరు అయితే బర్త్ సర్టిఫికెటే వాళ్ళిద్దరికీ ముడి. కాబట్టి బాబుకి పాస్‌పోర్ట్ వచ్చినా అది బ్యాగులోనే ఉండాలి, పాస్‌పోర్ట్ మీద తల్లి పేరు ఉండదు. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకి ఇండియా ఇచ్చే ఓసీఐ కార్డు, ఆధార్ తీసుకెళ్ళి లాభం లేదు. ఓసీఐ ఇండియాలోకి వెళ్ళడానికే గానీ ప్రయాణ పత్రం కాదు.

అమ్మమ్మ తాతయ్యలతో పిల్లల్ని పంపుతున్నా, అమ్మ ఒక్కతే తీసుకెళ్తున్నా, ఒక ఉత్తరం కావాలి. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, ఓడ పేరు, వెళ్ళే తేదీ, వచ్చే తేదీ, ఎవరితో వెళ్తున్నారు, అత్యవసరమైతే వైద్యం చేయించే అనుమతి, రాని తల్లిదండ్రుల ఫోన్ నంబరు. కింద నోటరీ సంతకం. ఖాతా ఉన్న బ్యాంకు బ్రాంచిలో అడిగి చూడండి, చాలాచోట్ల ఈ పని అక్కడే అయిపోతుంది. తల్లిదండ్రులు కానివాళ్ళతో వెళ్ళే పిల్లలకి కంపెనీలు ఇది తప్పకుండా అడుగుతాయి. అమ్మానాన్నల్లో ఒకరే ఉంటే అడగకపోవచ్చు, ఇమిగ్రేషన్ మాత్రం ఉంటే మంచిదనే చెబుతుంది.

(తెర మీద: పోర్టు గేటు. పోర్టరు సూట్‌కేసు లాగుతుంటాడు. జిప్పులోంచి నీలం అట్ట అంచు తొంగిచూస్తుంది.)

బయల్దేరే రోజు ఒకే ఒక్క జాగ్రత్త, కానీ చాలామంది మరిచేది. కారు దిగగానే పోర్టర్లు పెద్ద సామాను తీసుకెళ్ళిపోతారు. అది మీ గది దగ్గరికి చేరేది కొన్ని గంటల తర్వాత. పిల్లల కాగితాలు ఆ పెట్టెల్లో ఉంటే చెక్-ఇన్ లైనులో చేతులూపుకుంటూ నిలబడాలి. డైపర్ బ్యాగు పక్క జేబులో పెట్టుకోండి, ఆ బ్యాగు ఎవరూ అడగరు.

(తెర మీద: ల్యాప్‌టాప్. ఐ-94 పేజీ.)

దేశంలోకి ఎప్పుడొచ్చారు, ఎప్పటిదాకా ఉండొచ్చు అన్నది చెప్పే రికార్డు ఐ-94. తిరిగి వచ్చిన రోజు రాత్రే ఆ వెబ్‌సైట్ తెరిచి అక్క రికార్డు చూడండి. ఇండియాలో పిల్లల పాస్‌పోర్ట్ గడువు 5 ఏళ్ళే, మీది 10. వీసా, ఐ-797 ఇంకా ఎంత కాలం ఉన్నా, పాస్‌పోర్ట్ ముందే ముగిసేలా ఉంటే అధికారి కొత్త ఐ-94 ఆ పాస్‌పోర్ట్ తేదీ దాకానే ఇవ్వవచ్చు. ఇంట్లో మిగతా ఇద్దరికీ 2 ఏళ్ళుండి పాపకి 5 నెలలే ఉంటుంది, ఎవరూ గమనించరు. అందుకే ప్రయాణానికి ముందే ఆమె పాస్‌పోర్ట్ రెన్యూ చేయించండి. అప్పటికే తేదీ తగ్గిపోయి ఉంటే, కొత్త పాస్‌పోర్ట్ తెప్పించి, ఆ తేదీ దాటకముందే గడువు పొడిగింపు ఫారం ఐ-539 వేయండి.